కోసేసిన కింది ఆకులు

మా బావకి ఊళ్లో ఒక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, సెలవుల్లేవు, మర్యాద మాత్రం బోలెడు. ఎవరైనా కొత్తగా అరటి తోట వేస్తుంటే మొదటి పిలక ఆయన చేత్తో పెట్టించుకునేవారు. మా అక్కనిచ్చిన ఆ కృష్ణ ఒడ్డు లంక ఊళ్లో ఆయనది చేతి చలువ అని అందరికీ గట్టి నమ్మకం. ఆయన పెట్టిన పిలక ఎండదట. ఆయన చెయ్యి పడ్డ తోటలో గెల దిగితే మోసేవాడి మెడ వంగాల్సిందేనట. పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, ఓసారి వచ్చి నీ చెయ్యి పెట్టిపో" అనేవారు. ఆయన తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పెళ్లిచూపులకి వెళ్తున్నవాడిలా బయల్దేరేవాడు. పిలకని గుంటలో నిలబెట్టి, మట్టి లాగి, కాలితో తొక్కకుండా రెండు చేతులతో అదిమి, చెంబుడు నీళ్లు పోసేవాడు. తరవాత ఆ ఇంట్లో టిఫిను తినకుండా వస్తే వాళ్లు ఊరుకునేవారు కాదు.

వాళ్లు ఊరుకోకపోతే నేను మాత్రం ఊరుకుంటానా? బావమరిదిని కదా.

"బావా, మా ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయింది. నీ చేతి చలువ అంత గొప్పదైతే రెండ్రోజులు వచ్చి, చెయ్యి లోపల పెట్టి కూర్చో."

"ఎనిమిదో తరగతిలో బడికి టాటా చెప్పినోడివి, నీకేం తెలుసురా వ్యవసాయం?"

"బడే నాకు టాటా చెప్పింది బావా. నేను మర్యాదకి చెయ్యి ఊపానంతే."

మా మధ్య మాటలన్నీ ఇలాగే నడిచేవి. నాకు విజయవాడలో ఒక ట్రక్కు ఆటో ఉంది. గవర్నర్‌పేట కొట్ల సరుకు, ఇళ్లు మారేవాళ్ల బీరువాలు, మంచాలు, ఏది దొరికితే అది ఎక్కిస్తాను. వారంలో ఒకటి రెండుసార్లు కరకట్ట మీదుగా లంకకి వెళ్లి బావ గెలలు, ఇరుగుపొరుగు గెలలు మార్కెట్‌కి తెస్తాను. అక్క చేతి కూర, బావ నోటి తిట్లు రెండూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి.

ఆ ఏడాది తిట్లు తగ్గాయి. మొదట నేను దాన్ని పట్టించుకోలేదు. తిట్టని బావ దొరకడం అదృష్టమే అనుకున్నాను. ఒకరోజు గెలలు ఎక్కిస్తుంటే చేతికి తేలిగ్గా తగిలాయి. "ఏంటి బావా, ఇవి గెలలా, గెలల పిల్లలా?" అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. బండి తలుపుకి గొలుసు వేసి వెళ్లిపోయాడు.

అన్నం పెడుతూ అక్క చెప్పింది. తోటలో కింది ఆకులు పసుపెక్కుతున్నాయట. కోసేస్తే దానిపై ఆకు పసుపెక్కుతోందట. అదీ కోసేస్తే ఆ పైది. కాలువ అవతల పొలం ఉన్న ఇంకో రైతు కొత్తగా తోట వేశాడు. వెనకటి రోజులైతే మొదటి పిలకకి బావ గుమ్మంలోకే వచ్చేవాడు. ఈసారి పక్కూరి నుంచి వేరే ఎవర్నో పిలిపించుకున్నాడు.

"ఆ రోజు పొద్దున మీ బావ తలంటుకుని కూర్చున్నారురా" అంది అక్క. "ఎవరూ ఏం అడగలేదు, నేనూ ఏం అనలేదు. కాలువ అవతల మాటలు వినబడుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి లేచి మామూలు లుంగీ కట్టుకున్నారు."

అక్క మజ్జిగ పోస్తూ ఇంకో మాట చెప్పింది. "మొన్న దొడ్లో మునగ కొమ్మ పాతుదాం అన్నాను. 'నువ్వే పాతు, నా చెయ్యెందుకులే' అన్నారు."

మునగ కొమ్మ అంటే మొండిది. దారిన పోయేవాడు విసిరేసినా చిగురిస్తుంది. దాన్ని ముట్టుకోవడానికి కూడా ఆయన భయపడ్డాడంటే సంగతి గెలల బరువుతో పోయేది కాదని నాకు అర్థమైంది. ఆయన తోటని కాదు, తన చేతిని అనుమానిస్తున్నాడు. ఈ పంటవగానే తోట తీసేసి మొక్కజొన్న వేసేస్తానని, మొక్కజొన్నకి మొదటి గింజ ఎవడు వేసినా ఒకటేనని అక్కతో అన్నాడట.

బావ ఊరికే కూర్చోలేదు. పసుపు కనబడ్డప్పుడల్లా ఎర్ర పొటాష్ వేశాడు. అరటికి పొటాష్ అంటే మా వైపు పిల్లాడికి బూస్ట్ లాంటిది. గెల నిండాలన్నా పొటాషే, కాయ నునుపెక్కాలన్నా పొటాషే, ఏం తోచకపోయినా పొటాషే. పసుపు తగ్గకపోతే చాల్లేదనుకుని ఇంకాస్త వేశాడు.

నాకు తెలిసిన ఒక మేడం గారు గుర్తొచ్చారు. గవర్నర్‌పేటలో మేడమీద గది ఖాళీ చేసి కొత్త ఇంటికి మారినప్పుడు ఆవిడ సామాను నా బండిలోనే వెళ్లింది. బట్టల పెట్టెకంటే పుస్తకాల పెట్టెలు ఎక్కువ. ఒక సంచీ ఎత్తబోతే నడుం పట్టేసింది. విప్పి చూస్తే అందులో మట్టి పొట్లాలు.

"ఏంటండీ ఇది? ఇల్లు మారేవాళ్లు గోడలు వదిలేస్తారు, మీరు మట్టి కూడా తెచ్చుకుంటున్నారు."

ఆవిడ నవ్వి, తను వ్యవసాయ శాఖలో నేలల పని చూస్తానని, ఇవన్నీ రైతుల పొలాల మట్టి అని చెప్పారు. నా నంబరు తీసుకున్నారు, నేను ఆవిడది తీసుకున్నాను. ఇప్పుడు ఆ నంబరుకి ఫోన్ చేసి మా బావ తోట కథ చెప్పాను. చేతి సంగతి చెప్పలేదు. ఆకుల సంగతే చెప్పాను.

"ముందొక ఫోటో పెట్టండి" అన్నారావిడ.

అక్కకి చెప్పాను. అక్క తోటంతా తిరిగి, ఉన్నవాటిలో చక్కటి చెట్టు వెతికి, ఎండ మంచిగా పడే వైపు నుంచి, పైన విచ్చుకుంటున్న కొత్త ఆకుకి ఫోటో తీసి పంపింది. పెళ్లి సంబంధానికి పంపే ఫోటోలాగా. మేడం గారు చూసి, "ఇందులో చెట్టు నాకంటే ఆరోగ్యంగా ఉందండీ. నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

ఆవిడ వచ్చేది మర్నాడనగా సాయంత్రం నేను లంకకి వెళ్లేసరికి అక్క, బావ ఇద్దరూ తోటలో ఉన్నారు. చేతుల్లో కొడవళ్లు. చెట్టు చెట్టుకీ ఉన్న పసుపు ఆకులన్నీ తెగి కింద పడుతున్నాయి. బావ కోస్తుంటే అక్క మోపులు కట్టి గట్టు మీద వేస్తోంది.

"ఏంటక్కా ఈ క్షవరం?"

"వచ్చేది చదువుకున్న పిల్ల. తోట పాచిమొహంతో కనబడితే ఏం బాగుంటుంది?"

నాకూ అది తప్పనిపించలేదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మనం మంచం మీద బట్టలు తలుపు వెనక్కి తోసి, కొత్త దుప్పటి పరచమా? తోటకీ అంతే. మా వైపు పసుపు ఆకులు వేలాడే తోటంటే తల దువ్వని పిల్లలా లెక్క. ఇంటివాళ్లకి ఒళ్లు వంగదని ఊరు అనుకుంటుంది. ఆ మోపులు నేనే మోసి నా బండిలో పరిచాను. మర్నాడు గెలలు ఎక్కించేటప్పుడు కింద మెత్తగా ఉంటాయి కదా అని.

పొద్దున మేడం గారు కరకట్ట దగ్గర బస్సు దిగితే నేనే తీసుకొచ్చాను. తోటలో నాలుగు వైపులా తిరిగారు. వంగి చూశారు, ఆకులు తిప్పి చూశారు, మొదళ్ల దగ్గర మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు.

"ఆకులు తక్కువున్నాయేంటండీ?"

"గాలాడాలని కోస్తామండి" అన్నాడు బావ.

"పసుపు పడుతోందన్నారు?"

"అబ్బే, అంతేం లేదండీ. మా బావమరిది గోరంతని కొండంత చేస్తాడు. వాడి నోరే అంత."

నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు. ఆయన ముఖం చూస్తే, ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చుని "నాకేం లేదండీ, మా ఆవిడే భయపడి తీసుకొచ్చింది" అనేవాళ్లుంటారే, అచ్చం అలా ఉంది. జబ్బు దాచి మందడిగే మనిషి. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మేడం గారు ఇంకా కాసేపు తిరిగి, గెలలు కాస్త సన్నంగా ఉన్నాయి తప్ప తనకి ప్రత్యేకంగా ఏం కనబడటం లేదని చెప్పి, మట్టి మాత్రం తీసుకున్నారు. అక్క ఇచ్చిన కాఫీ తాగారు. బావ ఆవిడకి దణ్ణం పెట్టి పంపించేటప్పుడు ఆయన కళ్లలో దిగులు చూశాను. ఏం లేదని డాక్టరు చెప్పేసింది. అంటే ఇక తప్పు ఆ చేతిదే.

మేడం గారిని బస్సు దగ్గర దింపాలి. బండి దగ్గరికొచ్చి, మట్టితో బరువెక్కిన సంచీ వెనక పెట్టబోయి ఆగిపోయారు.

"ఈ ఆకులు ఎక్కడివి?"

"అరటి చెట్లవేనండి."

"అది నాకూ తెలుసు. ఎవరి తోటవి?"

ఇక దాచి ఏం లాభం? "మా బావవేనండి. మీరొస్తున్నారని నిన్న సాయంత్రం తోటకి తల దువ్వారు."

ఆవిడ ముందు నావైపు కోపంగా చూశారు. తరవాత నవ్వు ఆపుకోలేక బండి తలుపు పట్టుకున్నారు. ఒక ఆకు లాగి బండి ముందు భాగం మీద పరిచారు. నన్ను కూడా చూడమన్నారు. ఆకు అంచు వెంబడి సన్నగా పచ్చదనం ఉంది. నడిమి ఈనెకి రెండు పక్కలా పచ్చదనం ఉంది. ఆ రెండింటి మధ్య మాత్రం పసుపు పట్టీ పరిచినట్టుంది. చీరకి రెండు అంచులూ బాగుండి నడుమ వెలిసిపోయినట్టు. కాడ తిప్పి చూపించారు. దాని మీద నేరేడు పళ్లు నలిగినట్టు ఊదారంగు మచ్చలు.

"పొటాష్ తక్కువైతే ఆకు చివరి నుంచి, అంచుల నుంచి మాడుకుంటూ వస్తుంది. ఇది అలా లేదు చూడండి. అంచు పచ్చగానే ఉంది."

"అయితే ఏంటండీ?"

"మెగ్నీషియం అనుకుంటున్నాను. మట్టి పరీక్ష చేయించాక గట్టిగా చెప్తాను. మీ బావగారిని పిలవండి."

బావ వచ్చాడు. మేడం గారి చేతిలో ఆ ఆకు చూడగానే, పదిమందిలో చొక్కా విప్పితే చిరిగిన బనియను బయటపడ్డవాడిలా ముడుచుకుపోయాడు.

"ఇవెందుకు కోశారండీ? నాకు చూపించాల్సింది ఇవే కదా."

బావ నేలచూపులు చూశాడు. అక్క చెప్పింది, "బాగోదనండీ."

"పొటాష్ ఎంతేశారు?"

"వేయాల్సింది వేశానండీ. పసుపు కనబడ్డప్పుడల్లా ఇంకాస్త..."

ఆవిడ గట్టు మీద కూర్చున్నారు. మమ్మల్నీ కూర్చోమన్నారు. ఆకు పచ్చగా ఉండేది మెగ్నీషియం వల్లనే అన్నారు. ఆకులో పచ్చదనం అనే ప్రతి రేణువుకీ నడిమధ్య అదే ఉంటుందట. అది లేకపోతే ఎండ ఎంత కాసినా ఆకు ఆ ఎండని తిండిగా మార్చుకోలేదు. లంక నేలలో ఇసుక పాలు ఎక్కువ. వానకీ తడికీ అది కిందికి కొట్టుకుపోతుంది. దాని మీద పొటాష్ ఎక్కువైతే ఉన్న కొంచెం కూడా వేళ్లకి అందదు. రెండూ ఒకే దారిన లోపలికి వెళ్లాలి, ఎక్కువున్నది తక్కువున్నదాన్ని నెట్టేస్తుంది.

బావ ముఖం చూస్తే సగం ఎక్కినట్టుంది. నేను అందుకున్నాను. "బావా, బస్టాండులో బస్సు వచ్చి ఆగిందనుకో. నీలాంటి పెద్దమనిషి తలుపు దగ్గర వరసలో నిలబడతాడు. ఈలోపు నాలాంటివాళ్లు ఓ పాతికమంది కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లన్నీ ఆపేస్తారు. నువ్వు టిక్కెట్టు పట్టుకుని కిందే ఉండిపోతావు. ఆ తువ్వాళ్లోళ్లే పొటాష్."

"అచ్చంగా అంతేనండీ" అన్నారు మేడం గారు. "పొటాష్ చెడ్డది కాదు. గెలకి కావాలి. మరీ బస్సంతా అదే ఎక్కేసింది."

"నేనే ఎక్కించాను" అన్నాడు బావ.

అక్క అప్పటిదాకా ఆ ఆకు మీదే చెయ్యి వేసి కూర్చుంది. "అన్ని ఆకులూ ఒకే చెట్టువి కదండీ. పైవి అంత పచ్చగా ఎలా ఉన్నాయి మరి?" అనడిగింది.

"చాలనప్పుడు చెట్టు పాత ఆకులోంచి మెగ్నీషియం తీసి కొత్త ఆకుకి పంపిస్తుందండీ. అందుకే కిందివి ముందు పసుపెక్కుతాయి. మీరు కోసేసిన ఆకుల్లో ఇంకా కాస్త పచ్చదనం ఉంది. అది కూడా పైకి వెళ్లేదే. వెళ్లకముందే తెగిపోయింది. దాంతో పైన ఉన్న ఆకు ఇవ్వాల్సి వచ్చింది."

అక్క ఆకు మీద చెయ్యి తీసి, మళ్లీ వేసి, "పిల్లలకి పెట్టేసి తను పస్తున్నదాన్నా మనం పనికిరాదని నరికింది?" అంది. ఎవర్ని అడిగిందో తెలియదు. బావ మాత్రం తల ఎత్తాడు.

"మేడం గారూ, అయితే ఇది... చేతి వల్ల వచ్చేది కాదాండీ?"

"చేతి వల్లంటే?"

బావ చెప్పలేకపోయాడు. నేను చెప్తే నవ్వులాట అయిపోతుందని భయమేసి నోరు మూసుకున్నాను. అక్కే చెప్పింది. మొదటి పిలకలు, ఉతికిన పంచె, కాలువ అవతల తోట, అన్నీ. మేడం గారు మధ్యలో నవ్వలేదు. కొట్టిపారేయలేదు.

"చేతి సంగతి నాకు తెలియదండీ, నేను అది చదువుకోలేదు" అన్నారు. "మట్టి సంగతి చెప్పగలను. మీ మట్టిలో ఒకటి తక్కువైంది, ఒకటి ఎక్కువైంది. ఇదే నేలలో ఇంత పొటాష్‌తో ఎవరు పెట్టినా ఇంతే."

బావ తన రెండు అరచేతులూ ఓసారి చూసుకుని, పంచెకి తుడుచుకున్నాడు. వాటికేం అంటలేదు, ఊరికే తుడుచుకున్నాడు.

మట్టి పరీక్ష కూడా ఆవిడ అన్నదే చెప్పింది. కొంతకాలం పొటాష్ ఆపేయమన్నారు. మెగ్నీషియం సల్ఫేట్ మొదళ్లలో వేసి తడి ఇవ్వమని, ఇంకొంచెం నీళ్లలో కరిగించి ఆకుల మీద పిచికారీ చేయమని చెప్పారు. నేనే నగరంలో కొని తెచ్చాను. తెల్లగా, పంచదారకీ కళ్లుప్పుకీ మధ్యస్థంగా ఉంది. దారిలో ఫోన్లో దీని గురించి చూసి వచ్చి అక్కకి చెప్పాను.

"అక్కా, ఇది పూర్వం కడుపు కడగడానికి తాగించే భేదుప్పేనంట."

"ఓరి నీ మొహం మండా! చెట్టుకి భేదులవ్వవూ?"

"అయితే ఏం, పైన ఎక్కిన పొటాష్ దిగిపోద్ది."

బావ నవ్వాడు. అలా పళ్లు కనబడేలా నవ్వి చాలా కాలమైంది. డ్రమ్ములో కర్రతో కలుపుతూ, "వీడి మాటలు మేడం గారి ముందు అనకే, మనకి మందు ఇవ్వడం మానేస్తారు" అన్నాడు.

పిచికారీ తేలికే. కష్టమైంది వేరే. కింది ఆకులు కోయొద్దన్నారు మేడం గారు. తెగులు మచ్చలుంటే తప్ప, వాటంతట అవి పూర్తిగా ఎండేదాకా ముట్టుకోవద్దన్నారు. పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇప్పుడు పైన ఉన్న ఆకు రేపు కిందికి వస్తుంది కదా, అప్పటికి అది పచ్చగా ఉంటే మందు పట్టినట్టు. అంటే అంతవరకూ తోట పాచిమొహంతోనే ఊరందరికీ కనబడాలి.

మా బావ తోట పక్కనే కరకట్ట. పాలకి వెళ్లేవాడు, పొలానికి వెళ్లేవాడు, పనిలేక వెళ్లేవాడు, అందరూ అటే. బళ్లు ఆపి మరీ చూసేవాళ్లు. కాలువ అవతల ఆయన ఒకరోజు నేనుండగానే గట్టు మీంచి కేకేశాడు.

"ఏం అన్నయ్యా, తోటకి పెళ్లి కుదిరిందా ఏంటి? మంగళస్నానం చేయించినట్టు ఒళ్లంతా పసుపే!"

జోకు బాగుంది. నేను వేయాల్సిన జోకు ఆయన వేశాడని కడుపు మండిపోయింది. బావ మాత్రం, "అవునురా, నువ్వు మేళం పట్టుకురా" అన్నాడు. అని నవ్వబోయాడు కానీ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన వెళ్లిపోయాక గట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు.

దానికి తోడు అక్క అత్తగారి వైపు చుట్టాలు కూచిపూడి నుంచి వస్తున్నామని ఫోన్ చేశారు. ఏ పని మీద ఇటు వస్తున్నారో, తోట చూసి వెళ్తామన్నారు. నేను గెలల కోసం వెళ్లేసరికి బావ చూరులోంచి కొడవలి తీస్తున్నాడు.

"ఎక్కడికండీ?" అంది అక్క.

"ముందు రెండు వరసలేనే. దారి పక్కవి. లోపలివి ముట్టుకోను."

"వద్దండీ."

"వాళ్లేమనుకుంటారే? పెద్దాయన ముప్పై ఏళ్లు అరటి చేసిన మనిషి. నా తోట ఇలా..."

"అనుకోనివ్వండి. నేను చెప్తాను వాళ్లకి, నా మీద పెట్టుకుంటాను. దాని నోటి దగ్గరిది మాత్రం మళ్లీ లాక్కోకండి." అక్క గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం కొడవలి పిడిని గట్టిగా పట్టుకుంది. బావ వదిలేశాడు. అక్క కొడవలి తీసుకెళ్లి ఎక్కడ దాచిందో కానీ, ఆ మధ్యాహ్నం కొబ్బరికాయ పీచు తియ్యడానికి కూడా దొరకలేదు. పళ్లతో పీక్కోమంది నన్ను.

చుట్టాలొచ్చారు. పెద్దాయన తోట చూసి ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే అన్నట్టు లెక్క. బావ ఆ పూట వాళ్లకి వడ్డిస్తూ తను తినడం మర్చిపోయాడు.

అక్క ఒక పని చేసింది. పాత చీర అంచు చించి, అప్పుడే విచ్చుకున్న ఆకుల కాడలకి, అక్కడో చెట్టుకీ ఇక్కడో చెట్టుకీ కట్టింది. పైనుంచి కొత్త ఆకు వస్తే కట్టిన ఆకు ఒక మెట్టు దిగుతుంది. ఇంకోటి వస్తే ఇంకో మెట్టు. నేను వెళ్లినప్పుడల్లా, "నీ పేలికలు ఎంతవరకు దిగాయక్కా?" అనడిగేవాణ్ణి. బావ మట్టుకు పొద్దునే కాఫీకంటే ముందు వాటి దగ్గరికి వెళ్లి నిలబడేవాడట. ముట్టుకునేవాడు కాదట, చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడట. పైన పసుపు జాడ ఏదైనా కనబడిందేమోనని ఆకుని ఎండకి అడ్డంగా ఓ పక్కనుంచి, ఇంకో పక్కనుంచి చూసేవాడట.

వానలు తగ్గాయి. రెండోసారి పిచికారీ అయింది. కింద ఉన్న పసుపు ఆకులు ఒకటొకటే ఎండి, గోధుమరంగుకి తిరిగి, మొదలుకి వేలాడాయి. వాటిపైన పసుపు ఆగిపోయింది. అక్క కట్టిన పేలికలు మెట్టు మెట్టూ దిగి అన్నిటికంటే కింది ఆకుల వరసలోకి వచ్చాయి. ఆ ఆకులు పచ్చగానే ఉన్నాయి. కాడల మీద ఊదా మచ్చలు లేవు. ఫోటో తీసి మేడం గారికి పంపాను. ఈసారి కింది ఆకులదే. "ఇప్పుడు నిజం ఫోటో పంపారు" అని జవాబొచ్చింది.

గెలలు ఒక్కసారిగా లావెక్కలేదు. అప్పటికే పడినవి సన్నంగానే దిగాయి. తరవాత వచ్చిన గెలలకి తేడా తెలిసింది. బండిలోకి ఎత్తేటప్పుడు నా నడుం నాకు ముందు చెప్పింది. మొక్కజొన్న మాట బావ మళ్లీ ఎత్తలేదు. అయినా ఆయన్ని ఎవరూ పిలకకి పిలవలేదు. ఆయన కూడా దేన్నీ పాతలేదు. తోటలో ఖాళీలుంటే కూలీల చేత పెట్టించేవాడు, తను గట్టు మీద నిలబడి చెప్పేవాడు. తోట బాగుపడింది కానీ చేతి మీద అనుమానం ఇంకా చేతిలోనే ఉండిపోయింది. మేడం గారు చెప్పిన మాట తలకి ఎక్కింది. అక్కడి నుంచి వేళ్లదాకా దిగడానికి దారి దొరకలేదేమో.

ఒక మిట్టమధ్యాహ్నం, కరకట్ట మీద మనిషి జాడ లేని వేళ, కాలువ అవతల ఆయన అక్కావాళ్ల వాకిట్లోకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు ఉంది, ముఖం మీద వెటకారం లేదు. నేను, బావ అరుగు మీద పడుకుని ఉన్నాం.

"అన్నయ్యా, ఓసారి మా తోట చూడవూ?"

బావ లేచి కూర్చున్నాడు. "ఏమైందిరా?"

"కింద... అదేదో పసుపులా..."

"ఆకులేవి?"

"కోసేశాను."

"అన్నీనా?"

"దారిన పోయేవాళ్లు చూస్తారని..."

బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఇంక ఆగలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ మనిషి బిత్తరపోయాడు. నేను, "మేళం తెచ్చావా?" అని అడగబోయాను. బావ నా మోకాలు మీద చెయ్యేసి నొక్కి, చెప్పులు వేసుకుని బయల్దేరాడు. వెనకాలే నేను.

కాలువ మీద చెక్క దాటి వాళ్ల తోటలోకి వెళ్లాం. కోసిన ఆకులు చివరి వరస వెనక కుప్పగా ఉన్నాయి. బావ అందులోంచి ఒకటి లాగి, అంచు, ఈనె, కాడ చూశాడు.

"పొటాష్ ఎంతేశావు?"

"నీకంటే తక్కువేం కాదు."

"చాలు. ఆపు. ముందు మట్టి మేడం గారికి ఇద్దాం, నేను చెప్పానని ఏదీ వేసేయకు. కింది ఆకు మాత్రం ఇక ముట్టుకోకు. అది ఇంకా ఇస్తూనే ఉంటుంది పైవాటికి."

"ఊరు నవ్వుద్దన్నయ్యా."

"నువ్వే నవ్వావు. ఏమైంది? నేను బతికే ఉన్నాగా."

ఆయన తువ్వాలు కొస నలుపుతూ, "అప్పుడు మొదటి పిలకకి నిన్నే పిలవాల్సింది. ఏదో అందరూ అన్నారని..." అని నసిగాడు.

"పిలిచుంటే ఈ పసుపు కూడా నా చేతి మీదే రాసేవాళ్లురా. మంచి పని చేశావు, బతికిపోయాను."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. మాట్లాడుకుంటూ వరస వెంట నడిచారు. ఒక చోట చెట్టు పడిపోయి ఖాళీ ఉంది. కూలీలు గుంట తీసి, పక్కన పిలక పడేసి భోజనాలకి వెళ్లినట్టున్నారు. బావ మెగ్నీషియం ఎప్పుడు వేయాలో, తడి ఎలా ఇవ్వాలో చెప్తూనే వంగాడు. పిలక వాడిపోతుందనుకున్నాడేమో, ఎత్తి గుంటలో నిలబెట్టాడు. "...మొదట్లో వేసి వదిలేయకు, వెంటనే నీళ్లు పెట్టు, లేకపోతే అలాగే ఉండిపోద్ది..." అంటూనే మోకాళ్ల మీద కూర్చుని మట్టి లాగాడు. రెండు అరచేతులూ ఆనించి చుట్టూ అదిమాడు. ఉతికిన పంచె కాదు, తలస్నానం లేదు, గళ్ల లుంగీ. కాలువ అవతల ఆయన మాట్లాడటం మానేసి ఆ చేతులనే చూస్తున్నాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

బావ లేచి, మట్టి దులుపుకుంటూ నన్ను చూశాడు.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా? చెంబుడు నీళ్లు తే."